టెక్సోమా రేవుకు మా తెరచాప పడవ

టెక్సస్‌లోని ప్లేనో నుంచి, టెక్సోమా చెరువు దగ్గరి డెనిసన్‌కు 75వ నంబరు హైవే మీద గంట దారి. ఏప్రిల్‌లో ఒక శనివారం మాకు దానికి మూడు గంటలు పట్టింది. మా పికప్ వెనుక, ట్రైలర్ మీద, 1978 నాటి కాటలీనా 22 అనే తెరచాప పడవ ఉన్నది. దానిని నీటి మీద నడిపే విధానం చలికాలమంతా శ్రద్ధగా చదువుకున్నాను గాని, రోడ్డు మీద నడపడం కూడా నేర్చుకోవలసిన విద్యేనని ఆ రోజు వరకు అనుకోలేదు.

మెకిన్నీ దగ్గర మొదటిసారి ఆగి, ట్రైలర్ హబ్బుల మీద, అంటే చక్రాల నడిమి భాగాల మీద, అరచెయ్యి ఆనించి చూశాము. కుడివైపుది గోరువెచ్చగా ఉన్నది. ఎడమవైపుది చెయ్యి నిలవనివ్వలేదు. కొత్త బేరింగులు వేసి గ్రీజు పెట్టింది మేమే, నట్టు అతిగా బిగించిందీ మేమే. అలా బిగిస్తే రోలర్లకు తిరిగే వీలు చాలదు, రాపిడికి గ్రీజు కరిగి కారిపోతుంది, పట్టించుకోకపోతే చక్రమే ఊడి రావచ్చు. సర్వీసు రోడ్డు పక్కన జాకీ పెట్టి, నట్టు తిరగకుండా ఆపే కాటర్ పిన్ను తీసి, నట్టు కొద్దిగా వదులు చేసి, చక్రం చేత్తో తిప్పితే తేలికగా తిరుగుతున్నదని నిశ్చయించుకున్నాకే కదిలాము. అక్కడి నుంచి పదిహేను మైళ్లకొకసారి ఆగడం, హబ్బు తాకి చూడడం, మళ్లీ బయలుదేరడం.

పడవను 1,800 డాలర్లకు కొన్నాను. డెక్కు లోపలి ప్లైవుడ్ చివికిపోయిన చోట్ల కోసి తీసి ఎపాక్సీతో కొత్త చెక్క అతికించడం, పడవ అడుగున వేలాడుతూ దానిని ఒరిగిపోకుండా నిలిపే పోత ఇనుప కీల్‌కు పట్టిన తుప్పు గీకి రంగు వేయడం, తెరచాప స్తంభాన్ని నిలబెట్టే ఉక్కు తీగలన్నీ మార్చడం, వీటన్నిటికీ ఏడు నెలలు పట్టింది. ఆ ఖర్చు నాకు బాధ కలిగించలేదు. ట్రైలర్ టైర్లు, దీపాలు, పట్టీలు, బేరింగులకు 900 డాలర్లు దాటడం మాత్రం కష్టంగానే తోచింది. పాత టైర్ల గాడులు చక్కగానే ఉన్నా, ఏళ్ల తరబడి కదలక నిలిచినందువల్ల పక్కలు పగిలిపోయాయి. ఇక బరువు సంగతి: మొత్తం బరువులో పదో వంతైనా హిచ్ మీద, అంటే ట్రైలర్‌ను పికప్‌కు తగిలించే కొక్కెం మీద, పడాలి. అంతకుముందు వారం మోటారును పడవ వెనుకనే ఉంచి లాగితే, వేగం పెరగగానే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెట్టింది. ఈసారి మోటారు పికప్‌లోకి చేరింది.

కోనసీమలో మా తాతగారి చిన్నతనంలో ధాన్యం పడవలు కాలువల మీదనే సాగేవట. గాలి అనుకూలిస్తే చాప ఎత్తేవారు, లేకపోతే మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు. ఆ తాడు భుజాన వేసుకున్నవారి అడుగులకు కాలువ గట్టు రాయిలా గట్టిపడేదని ఆయన చెప్పేవారు. షెర్మన్ దగ్గర ఆగి పట్టీలు సరిచూస్తున్నప్పుడు ఆ మాట గుర్తుకు వచ్చింది.

చెరువు ఒడ్డున ఐసెన్‌హోవర్ స్టేట్ పార్కులో ప్రవేశ రుసుము కారుకు కాదు, తలకింత. అది చెల్లించి, పైన విద్యుత్ తీగలు లేని చోటు చూసుకుని, ఇరవై అయిదు అడుగుల అల్యూమినియం స్తంభాన్ని నేనూ మా బావమరిదీ లేపి నిలబెట్టాము. అసలు పరీక్ష అప్పుడు మొదలైంది. రేవులోకి ట్రైలర్‌ను వెనక్కి నడపాలి. స్టీరింగ్ కుడికి తిప్పితే ట్రైలర్ ఎడమకు పోతుంది. "బావా, ఆపండి, ఆపండి!" అని మా వాడు మూడుసార్లు అరిచాడు. మూడోసారికి ట్రైలర్ పికప్‌కు అడ్డంగా మడత పడబోయింది. వెనుక ఎవరో హారన్ మోగించారు. నా చేతులు వణికాయి.

వరుసలో చేపల పడవతో నిలిచి ఉన్న ఒక పెద్దాయన నెమ్మదిగా నా కిటికీ దగ్గరకు వచ్చారు. స్టీరింగ్ చక్రం పైభాగం వదిలి అడుగుభాగాన ఒక చెయ్యి ఉంచమన్నారు. ట్రైలర్ ఏ పక్కకు పోవాలో ఆ చేతిని ఆ పక్కకే జరపమన్నారు. వంకరపోతే సరిదిద్దాలని పెనుగులాడక, ముందుకు లాగి తిన్నగా చేసుకుని మళ్లీ మొదలుపెట్టమన్నారు. ఏడు నెలల్లో నేను చదివినదంతటికంటే ఆ మూడు మాటలు నాకు ఎక్కువ ఉపకారం చేశాయి. ట్రైలర్ నీటిలోకి తిన్నగా దిగి పడవ తేలేదాకా ఆయన పక్కనే నడిచారు. హారన్ మోగించిన మనిషి కూడా చివరికి దిగి వచ్చి తాడు పట్టుకున్నాడు.

నీటి మీద గడిచిన నాలుగు గంటల గురించి చెప్పవలసింది అంతకంటే తక్కువ. ఆ రోజు దక్షిణపు గాలి. పార్కు చెరువుకు దక్షిణపు ఒడ్డున ఉండడం వల్ల రాతి గట్టు చాటున చాప వేలాడింది, బయటికి రాగానే ఒక్కసారి నిండింది. పడవ ఒరిగినప్పుడు గుండె ఆగినంత పనైంది గాని, చాప తాడు కొద్దిగా వదలగానే, కింద వేలాడే 250 కిలోల కీల్ దానిని తిరిగి నిలబెట్టింది. వేగం అందుకున్నాక కీల్‌ను ఎత్తి దించే కేబుల్ సన్నగా ఝుమ్మనడం విన్నాము. తిరుగు దారి అంతా ఎదురుగాలి. ఆ పక్కకూ ఈ పక్కకూ ఏటవాలుగా సాగుతూ రావాలి. మొదటి రెండు మలుపుల్లో వేగం చాలక పడవ గాలికి ఎదురుగా ముక్కు పెట్టి నిలిచిపోయింది; ముందు చాపను గాలికి అడ్డంగా పట్టి ముక్కును పక్కకు తోయించాము. మూడో మలుపు కుదిరింది.

సాయంత్రం పడవను ట్రైలర్ మీదకు ఎక్కించడానికి ఒక్క ప్రయత్నమే సరిపోయింది. చీకటి పడుతుండగా షెర్మన్ దగ్గర ఆగాము. మా వాడు కుడివైపు, నేను ఎడమవైపు మోకాళ్ల మీద కూర్చుని హబ్బు మీద చెయ్యి వేశాము. రెండూ గోరువెచ్చగానే ఉన్నాయి.