కట్టెల బాయిలర్‌తో మా మొదటి చలికాలం

బాయిలర్ బిగించిన రోజు మెకానిక్ వెళ్తూ వెళ్తూ రెండు ముక్కలు చెప్పాడు. ఎండు కట్టెలే వెయ్యండి, మంటను అణచకండి. ఆ ఏడు నేను ఆ రెండింటిలో ఒక్కటీ పాటించలేదు.

మాది ఊరవతల ఇల్లు, గ్యాస్ లైను రాదు. పాత కట్టెల పొయ్యితో ఒక్క గదే వెచ్చగా ఉండేది, మిగతా గదుల్లోకి వెళ్లాలంటే దుప్పటి కప్పుకోవాల్సిందే. అందుకే బాయిలర్ పెట్టించాం. షెడ్డులో బాయిలర్, దాని పక్కన రెండు వేల లీటర్ల ట్యాంకు. అక్కణ్ణించి వేడినీళ్లు గొట్టాల్లో, గదుల్ని వెచ్చబెట్టే రేడియేటర్లకు వెళ్తాయి.

వేసవిలో కొట్టిన చెట్టు మొద్దులు చలికాలానికల్లా పైకి ఎండినట్టే కనిపించాయి. వేసేశాను. కట్టె చివర్ల నుంచి సుయ్‌మంటూ నురగ, పొగగొట్టంలోంచి చిక్కటి తెల్లపొగ. సాయంత్రానికి రేడియేటర్ మీద చెయ్యి పెడితే గోరువెచ్చన. మూడు వారాలకు తలుపు తీసి చూస్తే లోపలి గోడల నిండా నల్లటి జిగురు. తారు! అది పొగగొట్టంలో పేరుకుంటే అంటుకుంటుందని విన్నాక టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

గొట్టం శుభ్రం చేయడానికి వచ్చినాయనకు నా తేమ మీటరు గర్వంగా చూపించాను. కట్టె పైన గుచ్చితే 19 శాతం. ఆయన ఏమీ అనలేదు. అదే కట్టెను గొడ్డలితో చీల్చి, లోపలి వైపు గుచ్చాడు. 34. ఇరవై లోపు ఉండాలట. బాగా ఎండిన కట్టె కిలోకు సుమారు 4 యూనిట్ల (కరెంటు బిల్లులో ఉండే యూనిట్లే, అంటే కిలోవాట్-అవర్లు) వేడి ఇస్తుంది. సగం బరువు నీళ్లే ఉన్న పచ్చి కట్టె అందులో సగం ఇస్తే గొప్ప. బరువులో సగం మండేదే కాదు, పైగా ఆ నీళ్లను ఆవిరి చేయడానికి కొంత వేడి పోతుంది.

రెండో తప్పు పాత పొయ్యి అలవాటు. రాత్రంతా నిప్పు ఉండాలని గాలి తగ్గించి పడుకునేవాణ్ణి. కట్టెలోంచి వచ్చే వాయువు మండాలంటే లోపల బాగా వేడి ఉండాలి, గాలి తగ్గిస్తే అది మండకుండానే పొగై పోతుంది. కాబట్టి మంట పూర్తిగా మండనిచ్చి, వేడిని ట్యాంకులో దాచుకోవాలి. ట్యాంకు నీళ్లు 40 డిగ్రీల నుంచి 85కి చేరాలంటే వంద యూనిట్ల పైచిలుకు, అంటే దాదాపు ముప్పై కిలోల ఎండు కట్టెలు. మామూలు చలికి రోజుకొకసారి రాజేస్తే చాలు.

కట్టెలతో నడిచేదానికి కరెంటుతో పనేంటనుకున్నా. మంట జోరు మీదుండగా కరెంటు పోయి, నీళ్లను తిప్పే పంపు ఆగి, బాయిలర్‌లో వేడి పోయే దారి లేకపోతే తెలిసింది! ఇప్పుడు పంపుకి బ్యాటరీ ఉంది, షెడ్డులో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పసిగట్టే అలారం కూడా.

చెట్టు కొట్టిన వెంటనే చీల్చేస్తున్నాం. మొద్దుగా ఉంటే బెరడు లోపలి తేమను బయటికి పోనివ్వదు. నేలకు తగలకుండా పేర్చి, పైన మాత్రమే కప్పి, పక్కలు గాలికి వదిలేస్తాం. నిన్న నిరుటి కుప్పలోంచి ఒకటి తీసి చీల్చి గుచ్చాను. 23. మళ్లీ కుప్పలో పెట్టేశాను.