వేళ్లతో చదరంగం: ఈ నెల సంగతులు

ఇప్పుడు బోర్డు మొత్తం చేతికి అలవాటైంది. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బు వల్ల నాకు మిగిలింది గొట్టంలోంచి చూసినంత చూపు. మామూలు బోర్డు మీద ఒక మూల చూస్తే ఇంకో మూల కనబడదు. ఆ కాస్త చూపుతో తంటాలు పడటం దేనికని కళ్లు మూసుకునే ఆడుతున్నా.

చూపులేనివాళ్ల కోసం చేసిన నా బోర్డు గురించి అడిగినవాళ్లకు: ఇందులో నల్ల గళ్లు కాస్త ఎత్తుగా, తెల్లవి పల్లంగా ఉంటాయి. ప్రతి గడిలో ఓ రంధ్రం, పావు అడుగున అందులో దిగే మేకు. నల్ల పావుల నెత్తిన చిన్న బొడిపె. అయస్కాంతం బోర్డులు మాత్రం కొనకండి, వేలు తగిలితే పావు పక్క గడిలోకి జారుతుంది.

తడమడానికీ పద్ధతుంది. వేళ్లు పైనుంచి దించాలి, పక్కనుంచి తోయకూడదు. ఎదుటివాడు ఎత్తు వేసిన ప్రతిసారీ బోర్డంతా వెతకను. పావు బయల్దేరిన గడి, చేరిన గడి, అది తప్పుకోవడంతో తెరుచుకున్న దారి, ఈ మూడే చూస్తా. మూడోది వదిలేస్తే వెనకాల పొంచి ఉన్న శకటు వచ్చి మంత్రిని కొట్టుకుపోతుంది.

గడి రంగుకి లెక్క ఉంది. నిలువు వరసలకు ఎ నుంచి హెచ్ దాకా ఉన్న అక్షరాలను 1 నుంచి 8 అనుకుని, అడ్డ వరస అంకె కలపాలి. సరిసంఖ్య వస్తే నలుపు. ఇ4 అంటే 5+4=9, తెలుపు. గుర్రం ప్రతి ఎత్తుకీ రంగు మారుస్తుంది కాబట్టి తప్పు గడిలో దిగితే ఇట్టే తెలిసిపోతుంది.

నేనాడేది మా మేనల్లుడితో. వాడికి చూపుంది, వాడి బోర్డు వాడిదే. ఎత్తు పైకి చెప్పాలి, ఎదుటివాళ్లు తిరిగి అనాలి. బి, సి, డి, ఇ, జి అన్నీ ఒకేలా వినబడతాయి కదా, అందుకే ఫిడే (ప్రపంచ చదరంగ సమాఖ్య) నిబంధనల్లో ఉన్నట్టు అన్నా, బెల్లా, సీజర్, డేవిడ్, ఇవా, ఫెలిక్స్, గుస్తావ్, హెక్టర్ అంటాం. పావుని రంధ్రంలోంచి పైకి తీస్తేనే ముట్టుకున్నట్టు, అంటే దాన్నే ఆడి తీరాల్సినట్టు లెక్క.

"మామయ్యా, ఇందాకట్నుంచీ మంత్రినే పట్టుకున్నావ్!"

"పీకలేదు కదరా!"

"పాపం, మామయ్యని ఓసారి గెలవనీయరా" అని ఇంట్లో ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. జాలితో వేసే ఎత్తు నాకొద్దు. చూపులేనివాళ్లు జాలి లేకుండానే గెలుస్తారు: 2023 అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో బి1 విభాగం (చూపు దాదాపు లేనివాళ్లది) ర్యాపిడ్ చదరంగంలో, అంటే తక్కువ సమయంలో ముగించే ఆటలో, మన దర్పణ్ ఇనానీ స్వర్ణం గెలిచాడు. రజత, కాంస్యాలూ మనవాళ్లవే.

మేనల్లుడు కాలేజీకి వెళ్లిన పూట లిచెస్ అనే ఆన్‌లైన్ చదరంగం సైట్‌లో ఆడతా. అందులో చూపులేనివాళ్ల కోసం ప్రత్యేక మోడ్ ఉంది. ఎత్తు టైప్ చేస్తే చాలు, మిగతాది ఎన్‌వీడీఏ అనే, తెర మీది రాతను చదివే సాఫ్ట్‌వేర్ చదివి వినిపిస్తుంది. ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకోండి, కాలింగ్ బెల్ కూడా వినబడాలిగా.

ఓపెనింగులు, అంటే ఆట మొదట్లో వేసే ఎత్తులు, ఇంకా పెద్దగా ముట్టుకోలేదు. రాజు, బంటు మిగిలిన ముగింపులే సాధన చేస్తున్నా, తక్కువ పావులతో బోర్డు మనసులో నిలుస్తుంది. వచ్చే నెల గడియారం పెట్టి, మనిషికి 15 నిమిషాలతో మొదలుపెడతాం.