కరోనా కాలంలో విద్యార్థులను జపాన్ పంపించడం: నా అనుభవం

నేను అమెరికాలో ఒక యూనివర్సిటీలో భూకంపశాస్త్రం చెబుతాను. ఏటా వేసవిలో కొందరు డిగ్రీ విద్యార్థులను జపాన్ ల్యాబ్‌లకు పంపి, అక్కడి పరిశోధకుల దగ్గర పది వారాలు పని నేర్పించే ప్రోగ్రామ్ బాధ్యత నాది. 2020 నుంచి 2022 దాకా దాన్ని ఎలా నెట్టుకొచ్చామో రాసిపెట్టమని ఈమధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. ఇలాంటి ప్రోగ్రామ్ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

2020 మార్చి నాటికి ఎంపికలు అయిపోయాయి, టికెట్లు కూడా కొన్నాం. మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ మహమ్మారి అని ప్రకటించింది. 19న అమెరికా విదేశాంగ శాఖ తన పౌరులకు ఏ దేశానికీ ప్రయాణం వద్దని అత్యున్నత స్థాయి హెచ్చరిక ఇచ్చింది. ఏప్రిల్ 3 నుంచి జపాన్, అమెరికా నుంచి వచ్చే విదేశీయులకు తలుపులు మూసేసింది. ఇక మేం తేల్చుకోవాల్సిందేమీ మిగల్లేదు.

కానీ అంతకు ముందు, ఇంకా అన్నీ ఊగిసలాటలో ఉన్న రోజుల్లో, ఒక విద్యార్థిని తల్లి ఫోన్ చేశారు. "మీరు పంపుతారో లేదో తర్వాత సంగతి సార్. అక్కడ మా అమ్మాయికి జ్వరం వస్తే పక్కన ఎవరుంటారు?" అని అడిగారు. హోస్ట్ ప్రొఫెసర్ ఉంటారని చెప్పాను. "అర్ధరాత్రి అయితే?" అన్నారు. ఆ తర్వాత రెండేళ్లు నేను తయారుచేసిన ప్రతి ప్లాన్‌నూ ఈ రెండు ప్రశ్నల ముందు పెట్టి చూసుకున్నాను.

ఆ వేసవి అంతా ఆన్‌లైన్‌లోనే. మా రంగానికి ఒక అదృష్టం ఉంది: భూకంప కేంద్రాల డేటా చాలావరకు అందరికీ అందుబాటులో ఉంటుంది. జపాన్‌లో హై-నెట్ అనే నెట్‌వర్క్‌కి దాదాపు 800 కేంద్రాలున్నాయి, రిజిస్టర్ చేసుకుంటే డేటా తీసుకోవచ్చు. పైగా అప్పుడు భూమి మీద మునుపెన్నడూ లేని విషయం ఒకటి జరుగుతోంది. రోడ్లు, రైళ్లు, ఫ్యాక్టరీలు, మనుషుల నడక, వీటన్నిటి వల్ల నేలలో ఎప్పుడూ సన్నని అదురు ఉంటుంది. లాక్‌డౌన్‌తో అది తగ్గిపోయింది. 268 కేంద్రాల రికార్డులు చూసి ఆ తగ్గుదల కొన్నిచోట్ల 50 శాతం దాకా ఉందని ఆ జులైలోనే సైన్స్ పత్రికలో పేపర్ వచ్చింది. మా పిల్లలు అదే పద్ధతిని జపాన్ కేంద్రాల మీద ప్రయత్నించారు. వారం రోజుల గ్రాఫ్ తీస్తే పగళ్లు ఎత్తుగా, రాత్రులు పల్లంగా, శని ఆదివారాలు మరీ పల్లంగా కనబడతాయి. ఏప్రిల్ నెల గ్రాఫ్‌లో పగళ్లు కూడా కుంగి కనిపించాయి. ఇళ్లలో ఇరుక్కుపోయిన పిల్లలు, ఊళ్లకు ఊళ్లు ఇళ్లలో ఉండిపోయిన సంగతిని నేల ఎలా నమోదు చేసిందో కొలిచారు. ఏదో ఒకటి చేయించాలని ఇచ్చిన పని కాదది, నికార్సయిన పరిశోధన.

మా దగ్గర రాత్రి 8 అంటే అక్కడ మరుసటి రోజు ఉదయం 9. మీటింగ్‌లన్నీ ఆ వేళకే. ఇంట్లో తమ్ముళ్లను చూసుకోవాల్సిన విద్యార్థులు, విదేశం వెళ్లే ఆలోచనే పెట్టుకోలేని వాళ్లు కూడా ఈ పద్ధతిలో చేరగలిగారు. అది నాకు నిజంగా సంతోషం కలిగించింది. అయితే కొన్ని పనులు తెర మీద రావు. నేల అదురును కొలిచే పరికరం సీస్మోమీటర్‌ని గోతిలో దించి, మూడు కాళ్ల స్క్రూలు తిప్పుతూ, మట్టం చూపే బుడగ సరిగ్గా మధ్యకు వచ్చేదాకా సరిచేయాలి. తర్వాత ఉత్తర దిక్కుకు తిప్పాలి, కేబుల్ లాగకుండా మట్టి కప్పాలి. వేళ్లకు ఆ స్పర్శ తెలియాలి. అక్కడి రీసెర్చ్ స్కాలర్ ఫోన్ పట్టుకుని చూపిస్తుంటే మా వాళ్లు శ్రద్ధగా నోట్స్ రాసుకున్నారు. కానీ బుడగ కదలడం చూడటం వేరు, దాన్ని కదల్చడం వేరు.

2021 కూడా అలాగే గడిచింది. ఆ ఏడాది నవంబర్ 8న జపాన్ ప్రవేశ నిబంధనలను కొంత సడలించింది. దరఖాస్తులు మొదలుపెట్టామో లేదో, ఒమిక్రాన్ వచ్చింది, నవంబర్ 30న మళ్లీ మూసేశారు. విద్యార్థులకు నేను పెట్టుకున్న పద్ధతి ఒకటే: వెళ్తామనో వెళ్లమనో ఊరికే చెప్పకుండా, మళ్లీ ఏ తేదీన చెబుతానో చెప్పడం. ఆ తేదీకి కొత్త విషయం ఏమీ లేకపోయినా మెయిల్ పంపేవాణ్ని. వాళ్లకు వేరే ఇంటర్న్‌షిప్‌లు ఉంటాయి, అద్దె ఒప్పందాలు ఉంటాయి. చేదు వార్తను తట్టుకుంటారు, ఏ వార్తా లేకపోతేనే టెన్షన్.

2022 మార్చి 1 నుంచి విద్యార్థులకు, పరిశోధకులకు దారి తెరుచుకుంది. రోజుకు దేశంలోకి ఇంతమందే అని పరిమితి ఉండేది. మార్చిలో 5,000తో మొదలై జూన్ 1కి 20,000 అయింది. మామూలు రోజుల్లో అమెరికన్ పాస్‌పోర్టుకు 90 రోజుల లోపు పర్యటనకు వీసా అక్కర్లేదు, అప్పుడు ఆ సౌకర్యం ఆపేశారు. కాబట్టి ముందు హోస్ట్ ల్యాబ్ వాళ్లు ఈఆర్‌ఎఫ్‌ఎస్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో విద్యార్థి వివరాలు పెట్టి, మాది బాధ్యత అని ఒప్పుకోవాలి. అక్కడొచ్చే సర్టిఫికెట్‌తో కాన్సులేట్‌లో వీసాకు వెళ్లాలి.

ఆ "మాది బాధ్యత" అన్న ముక్క దగ్గరే నేను హోస్ట్ ప్రొఫెసర్లతో ఎక్కువసేపు మాట్లాడాను. ప్రతి విద్యార్థికీ ఒక్క పేజీ తయారుచేశాం. జ్వరం వస్తే ముందు ఎవరికి ఫోన్, వాళ్లు ఎత్తకపోతే ఎవరికి, క్లినిక్‌తో జపనీస్‌లో ఎవరు మాట్లాడతారు, ఐసొలేషన్‌లో ఏ గదిలో ఉంటారు, గుమ్మం దగ్గర సామాన్లు ఎవరు పెడతారు. పదవులు కాదు, పేర్లు, నంబర్లు. "డిపార్ట్‌మెంట్ ఆఫీసు" అని ఎవరైనా రాస్తే తిప్పి పంపాను, ఎందుకంటే ఆఫీసు సాయంత్రం మూసేస్తారు. పేజీ నిండని ల్యాబ్‌కి ఆ ఏడాది ఎవరినీ పంపలేదు. ఆ ప్రొఫెసర్ నొచ్చుకున్నారు, నాకూ కష్టమే అనిపించింది, కానీ ఇంకోసారైనా అదే చేస్తాను. ఇన్సూరెన్స్ పాలసీలు కూడా కూర్చుని చదివాను. ఆసుపత్రి ఖర్చు ఇచ్చే పాలసీ, ఆసుపత్రి అవసరం లేని ఐసొలేషన్‌కి గది అద్దె ఇస్తుందన్న నమ్మకం లేదు. దానికి బడ్జెట్‌లో విడిగా పెట్టాం. తిరుగు ప్రయాణానికీ అంతే. విమానం ఎక్కే ముందు ఒక్క రోజు లోపు నెగెటివ్ టెస్ట్ ఉండాలని అమెరికా నిబంధన అప్పటికి ఇంకా ఉంది. పాజిటివ్ వస్తే అక్కడే ఆగిపోవాలి.

బయల్దేరే వారం మాత్రం ఊపిరి సలపలేదు. జపాన్ వెళ్లాలంటే బయల్దేరే ముందు 72 గంటల లోపు కరోనా టెస్ట్, ఇంట్లో చేసుకునే ర్యాపిడ్ చెల్లదు. శాంపిల్ రకం, టెస్ట్ పద్ధతి, తీసిన తేదీ, సమయం అన్నీ కాగితం మీద ఉండాలి. ఒక ల్యాబ్ రిపోర్టులో శాంపిల్ తీసిన సమయం బదులు రిపోర్టు వచ్చిన సమయం అచ్చయింది. విద్యార్థి ఆ రాత్రే వెళ్లి సరిచేయించుకొచ్చాడు. అన్నీ జపాన్ ప్రవేశ తనిఖీలకు వాడే మైసాస్ అనే యాప్‌లో ఎక్కిస్తే తెర ఎరుపు నుంచి పసుపుకి, పరిశీలన అయ్యాక నీలానికి మారుతుంది. గ్రూప్‌లో ఒక్కొక్కరు నీలి తెర ఫోటో పెడుతుంటే నేను లిస్టులో టిక్కు పెట్టుకుంటూ పోయాను. వాళ్లు జపాన్‌లో దిగాక, జూన్ 12న అమెరికా టెస్ట్ నిబంధన ఎత్తేసింది. తిరుగు ప్రయాణం బెంగ ఆ రోజుతో తీరింది.

జులైలో జపాన్‌లో ఏడో వేవ్ వచ్చింది. 23న తొలిసారి ఒక్క రోజు కేసులు 2,00,000 దాటాయి. ఆ వారంలోనే మా విద్యార్థిని ఒకరికి జ్వరం, అది కూడా అర్ధరాత్రి. పేజీలో మొదటి నంబర్ ఎత్తలేదు. రెండోది ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయిది, వెంటనే ఎత్తింది. ధర్మామీటర్, మాస్కులు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి, తెల్లారేదాకా వీడియో కాల్‌లో ఉంది. పొద్దున్నే క్లినిక్‌లకు ఫోన్లు మొదలుపెట్టింది. అన్నీ నిండిపోయాయి, ఎన్నో ప్రయత్నాల తర్వాత ఒకచోట టైమ్ దొరికింది. అప్పటి నియమం ప్రకారం లక్షణాలు మొదలైన రోజు నుంచి పది రోజుల ఐసొలేషన్. మా విద్యార్థిని రోజూ పొద్దున, సాయంత్రం ఉష్ణోగ్రత, ఆక్సిజన్ రీడింగ్ మాకు మెసేజ్ పెట్టేది. వాళ్ల అమ్మగారికి మొదటి రోజు నేనే ఫోన్ చేసి, పక్కన ఉన్న మనిషి పేరు, నంబర్ చెప్పాను.

ఆ అమ్మాయి కోలుకుని చివరి రెండు వారాల ఫీల్డ్ పనికి వెళ్లగలిగింది. 2023 ఏప్రిల్ 29న జపాన్ సరిహద్దుల్లో కరోనా నిబంధనలన్నీ తీసేసింది, మేమూ వాటి ఫైళ్లు మూసేశాం. ప్రయాణానికి ముందు ఒక నెల ఆన్‌లైన్ పని, ఆ ఒక్క పేజీ మాత్రం ప్రోగ్రామ్‌లో అలాగే ఉంచాం. ఇప్పుడు దాన్లో భూకంపం వస్తే ఎవరికి ఫోన్ చేయాలో కూడా రాయిస్తున్నాం.