అనంతపురం ఎండల్లో గ్రాఫిక్స్ కార్డు: గేమ్ మధ్యలో ఎందుకు ఆగిపోతోంది?

గేమ్ మధ్యలో స్క్రీన్ నల్లబడితే చాలు, "కార్డు పోయింది" అనేస్తారు. అనంతపురం, తాడిపత్రి, గుత్తి వైపు చూస్తే కార్డు నిజంగా పోయిన కేసులు తక్కువే. దానికి అందాల్సిన గాలో, కరెంటో సరిగ్గా అందని కేసులే ఎక్కువ. అది తేల్చుకోకుండా కొత్త కార్డు కొంటే, కొత్తదీ అదే ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పవర్ సప్లై డబ్బా) మీద, అదే గదిలో, అలాగే ఆగిపోతుంది.

ముందు ఎలా ఆగిపోతోందో గమనించండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది. స్క్రీన్ రెండు మూడు సెకన్లు నల్లబడి, గేమ్ మూసుకుపోయి డెస్క్‌టాప్ వచ్చిందంటే కార్డును నడిపే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌ను విండోస్ రీసెట్ చేసిందని అర్థం. కార్డు 2 సెకన్ల పాటు జవాబు ఇవ్వకపోతే విండోస్ చేసే పని అది. ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ నొక్కితే ఆ టైముకు "డిస్‌ప్లే 4101" కనిపిస్తుంది. అలా కాకుండా కంప్యూటర్ మొత్తం స్విచ్ తీసేసినట్టు ఠపీమని ఆగిపోతే అక్కడ "కెర్నల్ పవర్ 41" ఉంటుంది. దాని డీటెయిల్స్‌లో బగ్‌చెక్ కోడ్ (విండోస్ రాసుకునే ఎర్రర్ నంబర్) 0 అని ఉంటే విండోస్‌కు ఏమీ రాసుకునే టైము కూడా దొరకలేదన్నమాట. అప్పుడు అనుమానం మొదట కరెంటు మీదికే పోవాలి. స్క్రీన్ నల్లబడి, కార్డు ఫ్యాన్లు ఒక్కసారిగా ఫుల్ స్పీడుతో అరుస్తూ, హెడ్‌ఫోన్‌లో మాత్రం గేమ్ సౌండ్ వస్తూనే ఉంటే కార్డు మదర్‌బోర్డుతో మాట తెంచుకుంది. కారణం విపరీతమైన వేడైనా కావచ్చు, పవర్ కేబుల్ అయినా కావచ్చు. స్క్రీన్ మీద రంగురంగుల చుక్కలు, గడులు వస్తే అది చాలావరకు మెమరీ చిప్పుల జబ్బు. దానికి ఇంట్లో చేయగలిగింది తక్కువ.

ఇంటర్నెట్‌లో చాలామంది రిజిస్ట్రీలోకి (విండోస్ లోపలి సెట్టింగుల్లోకి) వెళ్లి టీడీఆర్ డిలే, అంటే కార్డు జవాబు కోసం విండోస్ ఆగే టైము, పెంచమంటారు. ఆ 2 సెకన్లను 8 చేస్తే గేమ్ 8 సెకన్లు బిగుసుకుపోయి ఆ తర్వాత పడిపోతుంది, అంతే తేడా. బ్లెండర్ లాంటి 3డీ సాఫ్ట్‌వేర్‌లో పెద్ద రెండర్లు చేసేవాళ్లకు దాంతో పని ఉంది. గేమ్ ఆడేవాళ్లకు లేదు.

ఇక వేడి సంగతి. కార్డు ఉష్ణోగ్రతను ఎప్పుడూ గది ఉష్ణోగ్రతతో కలిపి చూడాలి. రివ్యూల్లో 25 డిగ్రీల గదిలో 70 చూపించిన కార్డు అంటే గాలి కన్నా 45 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతోందని లెక్క. మే నెలలో పై మిద్దె గది మధ్యాహ్నం 40 దాటుతుంది. 40కి 45 కలపండి, 85. అదీ కార్డు శుభ్రంగా ఉంటేనే. ఎన్‌విడియా కార్డులు చాలావరకు 83 దగ్గరికి రాగానే స్పీడు తగ్గించుకోవడం మొదలుపెడతాయి. వాటిలో ఆర్‌టీఎక్స్ 3060 అనే కార్డుకు కంపెనీ చెప్పే గరిష్ఠం 93. కాబట్టి జనవరిలో బాగా నడిచిన గేమ్ మేలో నత్తనడక నడుస్తోందంటే డ్రైవర్‌ను తిట్టనక్కర్లేదు.

చూడాల్సిన అంకెలు రెండున్నాయి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో జీపీయూ (కార్డులోని అసలు చిప్పు) టెంపరేచర్, దాని కిందే హాట్ స్పాట్, అంటే చిప్పులో అన్నిటికన్నా వేడిగా ఉన్న చోటు. రెండింటికీ మధ్య 10 నుంచి 20 డిగ్రీల తేడా మామూలే. 30 దాటిందంటే చిప్పుకు, హీట్‌సింక్‌కు (వేడిని లాగే లోహపు రేకుల దిమ్మకు) మధ్య వేడిని దాటించే పేస్టు ఎండిపోయింది, లేదా పక్కకు జారిపోయింది. రెండూ కలిసి పెరుగుతుంటే పేస్టు బాగానే ఉంది, గాలే ఆడటం లేదు. జీపీయూ-జెడ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో సెన్సర్స్ ట్యాబ్‌లో "పర్ఫ్‌క్యాప్ రీజన్" అనే గీత ఉంటుంది. అక్కడ థర్మల్ అని వస్తే ఇంకో సాక్ష్యం అక్కర్లేదు.

దుమ్ము గురించి కాస్త వివరంగా చెప్పాలి. తాడిపత్రి, బేతంచెర్ల లాంటి చోట్ల పాలిష్ యూనిట్ల రాతిపొడి మామూలు ఇంటి దుమ్ములా ఉండదు, పిండిలా సన్నగా ఉంటుంది. వేసవిలో నీళ్ల కూలర్ వేస్తే ఆ తేమకు అది హీట్‌సింక్ రేకుల మధ్య పట్టుకుని గట్టిపడుతుంది. పైనుంచి చూస్తే కార్డు శుభ్రంగానే కనిపిస్తుంది. ఫ్యాన్ రెక్కల సందులోంచి టార్చ్ వేసి చూడండి, ఫ్యాన్‌కు, రేకులకు మధ్య బూడిదరంగు దుప్పటి లాంటిది పరుచుకుని ఉంటుంది. బయటినుంచి ఎంత ఊదినా అది కదలదు.

తీసే పద్ధతి ఇది. ప్లగ్ పీకేసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. క్యాబినెట్ వెనక కార్డును పట్టుకున్న స్క్రూలు విప్పి, పవర్ కేబుల్ తీసి, స్లాట్ చివర ఉన్న చిన్న లాచ్‌ను నొక్కాకే కార్డు లాగాలి. లాచ్ మర్చిపోయి లాగితే మదర్‌బోర్డు స్లాటే విరుగుతుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్‌ను వేలితో ఆపి పట్టుకోండి. గాలికి అది గిరగిరా తిరిగితే బేరింగ్ పాడవుతుంది. దుప్పటి కదలకపోతే ఫ్యాన్ల పైతొడుగు విప్పి మెత్తటి బ్రష్‌తో తీయాలి. తొడుగు కింద ఫ్యాన్ వైర్ ఉంటుంది, దాన్ని చూసుకుని లాగండి. స్లాట్‌లో కూర్చునే బంగారు రంగు పళ్లు నల్లబడి ఉంటే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచేయండి. మార్చిలో ఒకసారి, దసరాకు ఒకసారి ఇలా చేస్తే చాలు.

పేస్టు మార్చడం వరకు అయితే ఇంట్లో చేసుకోవచ్చు. మెమరీ మీద ఉండే థర్మల్ ప్యాడ్లతోనే (వేడిని హీట్‌సింక్‌కు దాటించే మెత్తటి ముక్కలతోనే) జాగ్రత్త. 1 మిల్లీమీటరు ఉన్న చోట 1.5 పెడితే హీట్‌సింక్ అంత మేర పైకి లేస్తుంది, అసలు చిప్పుకు ఆనదు. పది నిమిషాల్లో 90 దాటుతుంది. పాత ప్యాడ్ మందం తెలియకపోతే, అది చిరగకుండా ఉంటే దాన్నే వాడండి.

కూలర్‌ను క్యాబినెట్‌కు ఎదురుగా పెట్టేవాళ్లు చాలామంది. గది చల్లబడటానికి కూలర్ మంచిదే, మన పొడి గాలికి బాగా పనిచేస్తుంది కూడా. అయితే మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. నేరుగా కొట్టే తుంపరతో బోర్డు మీద తెల్లటి పొర కడుతుంది. గాలి గదిలోకి రావాలి గానీ క్యాబినెట్‌లోకి కాదు. కిటికీ కొద్దిగా తెరిచి ఉంచాలి.

డబ్బు ఖర్చు లేని మందు ఇంకోటి ఉంది. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్‌ను 80 శాతానికి దించండి. 170 వాట్ల 3060 అప్పుడు 136 వాట్లకు మించి తీసుకోదు. వేడి బాగా దిగుతుంది, ఎఫ్‌పీఎస్ (సెకనుకు కార్డు గీసే ఫ్రేములు) మాత్రం సాధారణంగా కొద్దిగానే తగ్గుతుంది. మానిటర్ 75 హెర్ట్జ్ అయితే గేమ్‌ను 72 దగ్గర లాక్ చేయండి. 140 ఎఫ్‌పీఎస్ గీసి సగం పారేయడానికి కార్డును ఎందుకు కాల్చుకోవడం? ఇంకా ముందుకు వెళ్లాలనుకుంటే ఆఫ్టర్‌బర్నర్‌లోనే కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కి వోల్టేజ్ కర్వ్ తెరిచి అండర్‌వోల్ట్ చేయొచ్చు, అంటే అదే స్పీడును తక్కువ వోల్టేజ్‌తో నడిపించొచ్చు. 3060కి 900 మిల్లీవోల్టుల దగ్గర 1800 మెగాహెర్ట్జ్‌తో మొదలుపెట్టి, గేమ్ పడిపోతే 30 మెగాహెర్ట్జ్ చొప్పున తగ్గించుకుంటూ రండి.

కరెంటు విషయం వేడి కన్నా మోసకారిది, ఎందుకంటే ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని సూటిగా చూపించదు. క్యాబినెట్‌తో పాటు వచ్చిన ఎస్‌ఎంపీఎస్ మీద పెద్ద అక్షరాల్లో 500 వాట్లు అని ఉంటుంది. దాన్ని వదిలేసి పక్కన గళ్ల పట్టికలో +12 వోల్ట్ కింద ఎన్ని ఆంపియర్లో చూడండి. 18 అని ఉంటే 12తో గుణించండి, 216 వాట్లు. కార్డుకు, ప్రాసెసర్‌కు కలిపి దొరికేది అంతే. 3060కి 170, ఐ5 12400ఎఫ్ ప్రాసెసర్‌కు ఫుల్ లోడులో 117 దాకా, ఫ్యాన్లూ డిస్కులకు ఇంకో 40, 50. మొత్తం 330 దగ్గరికి వచ్చింది. అందుకే మెనూలో బాగానే ఉండి, పేలుడు సీన్ రాగానే కంప్యూటర్ ఆరిపోతుంది. ఈ కార్డుకు 12 వోల్ట్ మీద 40 ఆంపియర్లు ఉన్న నమ్మకమైన 550 వాట్ల సప్లై కావాలి. వెనక 115/230 అని ఎర్ర స్విచ్ ఉన్న సప్లై అయితే దాంట్లో యాక్టివ్ పీఎఫ్‌సీ (లైన్ నుంచి కరెంటును సరిగ్గా తీసుకునే సర్క్యూట్) లేనట్టే. లైన్ వోల్టేజ్ దిగినప్పుడు ముందు చేతులెత్తేసేది అదే.

కేబుల్ లెక్క కూడా చూసుకోండి. స్లాట్ నుంచి 75 వాట్లు, 6 పిన్ నుంచి 75, 8 పిన్ నుంచి 150. పాత హార్డ్‌డిస్క్ మోలెక్స్ నుంచి 8 పిన్‌కు మార్చే అడాప్టర్ వాడుతుంటే ఈరోజే తీసేయండి. దాని ప్లాస్టిక్ పసుపు రంగుకు తిరిగి ఉంటుంది చూడండి, అది కరగడానికి ముందు మెట్టు. రెండు 8 పిన్లు ఉన్న కార్డుకు ఒకే తీగ నుంచి రెండు తలలు పెట్టకుండా వేరువేరు తీగలు వేయండి.

ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో ఇంకో చిక్కుంది. చాలా ఇన్వర్టర్ల వెనక యూపీఎస్ మోడ్, ఎకో మోడ్ అని స్విచ్ ఉంటుంది. ఎకోలో పెడితే కరెంటు పోయి బ్యాటరీ మీదికి మారడానికి 40 మిల్లీసెకన్ల దాకా పట్టవచ్చు. మంచి ఎస్‌ఎంపీఎస్ ఫుల్ లోడులో నిలబడగలిగేది సుమారు 16 మిల్లీసెకన్లే. బ్రౌజర్ చూస్తున్నప్పుడు కరెంటు పోతే ఏమీ కాదు, గేమ్‌లో పోతే రీస్టార్ట్ అవుతుంది. యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. 600 వీఏ చిన్న యూపీఎస్ మీద గేమింగ్ పీసీ వేయడం వృథా, అవి సాధారణంగా 360 వాట్లకే. యాక్టివ్ పీఎఫ్‌సీ సప్లైలు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద సతాయిస్తాయి, ప్యూర్ సైన్ వేవ్ ఉంటే గొడవ ఉండదు.

క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందా? ఎర్త్ చూడాలి. మల్టీమీటర్ ఏసీలో పెట్టి సాకెట్ న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య కొలవండి. 2, 3 వోల్టుల లోపు ఉంటే పర్వాలేదు. అయితే ఎర్త్ తీగే ఎక్కడా కలపకపోతే ఈ అంకె మోసం చేస్తుంది, కాబట్టి ఫేజ్‌కు, ఎర్త్‌కు మధ్య కూడా చూడండి. అది ఫేజ్, న్యూట్రల్ మధ్య వచ్చిన అంకెకు దగ్గరగా ఉండాలి. ఎండాకాలం మన నేలలు ఎండిపోయి ఎర్త్ గుంత సరిగ్గా పని చేయదు. గుంతలో నాలుగు బిందెల నీళ్లు పోసి మళ్లీ కొలిస్తే తేడా కనిపిస్తుంది. సాకెట్ కొలవడం అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌తో చేయించండి.

వేడీ, కరెంటూ తేలాకే డ్రైవర్. డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్‌ను, కావాల్సిన డ్రైవర్‌ను ముందే దింపుకుని, నెట్ తీసేసి, సేఫ్ మోడ్‌లో పాతది తుడిచి, రీస్టార్ట్ అయ్యాక కొత్తది వేయండి. నెట్ తీయకపోతే మధ్యలో విండోస్ తనకు తోచింది వేసేస్తుంది. కొత్త డ్రైవర్‌తోనే గొడవ మొదలైతే వెనకటిది వేయడానికి మొహమాటం అక్కర్లేదు.

అప్పటికీ పడిపోతుంటే ఆఫ్టర్‌బర్నర్‌లో కోర్ క్లాక్ (చిప్పు స్పీడు) 100 మెగాహెర్ట్జ్ తగ్గించి ఆడండి. నిలబడిందంటే ఫ్యాక్టరీలో ఎక్కించిన స్పీడును కార్డు ఇప్పుడు మోయలేకపోతోంది. అలాగే వాడుకోవచ్చు. బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ను ఎక్కువ స్పీడుతో నడిపే సెట్టింగు, ఆపి కూడా ఒకసారి చూడాలి, ర్యామ్ తప్పులు అచ్చం కార్డు తప్పుల్లాగే కనిపిస్తాయి. ఇంటెల్ 13, 14 తరం ఐ7, ఐ9 వాడేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. "వీడియో మెమరీ చాలదు" అని ఎర్రర్ వచ్చి గేమ్ మూసుకుపోతుంటే, కార్డులో మెమరీ ఖాళీగానే ఉంటే, అసలు దోషి ప్రాసెసర్ కావచ్చు. ఆ చిప్పుల్లో వోల్టేజ్ లోపం ఉందని 2024లో ఇంటెల్ ఒప్పుకుని మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) అప్‌డేట్లు ఇచ్చింది, వారంటీని రెండేళ్లు పెంచింది. బయోస్ అప్‌డేట్ చేసుకోండి. అప్పటికే దెబ్బతిన్న చిప్పు మాత్రం అప్‌డేట్‌తో బాగుపడదు, మార్పించుకోవాల్సిందే.

పడిపోకుండా కేవలం లాగ్ అయితే దారి వేరు. ఫ్రేమ్‌టైమ్ (ఒక్కో ఫ్రేము గీయడానికి పట్టే టైము) గ్రాఫ్ పెట్టుకుని చూడండి. 60 ఎఫ్‌పీఎస్‌కు గీత 16.7 మిల్లీసెకన్ల దగ్గర నున్నగా ఉండాలి. గీత నున్నగా ఉండి కూడా ఆన్‌లైన్ గేమ్‌లోని మనిషి వెనక్కీ ముందుకూ లాగుతుంటే అది నెట్ గొడవ, కార్డుకు సంబంధం లేదు. బండరాతి గోడలు దాటి వచ్చే వైఫైని నమ్ముకోకుండా ల్యాన్ తీగ వేసుకోండి. గీత ముళ్లలా లేస్తూ, కార్డు వాడకం 60, 70 శాతం దగ్గరే తిరుగుతుంటే ప్రాసెసరో, ర్యామో అందించలేకపోతోంది. ఒకే 8 జీబీ స్టిక్ ఉన్నచోట దాని జోడీ వేస్తే వచ్చే తేడా కొత్త కార్డుతో కూడా రాకపోవచ్చు. 4 జీబీ కార్డులో టెక్స్చర్లు హైలో పెడితే మెమరీ నిండి ముళ్లు వస్తాయి, మీడియంకు దించండి. మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకు పెట్టి, కార్డు పనిచేయడం లేదని షాపుకు మోసుకెళ్లేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వెనక్కి తిరిగి ఒకసారి చూడండి.

ఇవన్నీ అయ్యాక కార్డును తెలిసినవాళ్ల మంచి సప్లై ఉన్న పీసీలో పెట్టి అరగంట ఆడించండి. అక్కడా పడిపోతేనే కార్డు మీద తీర్పు. వారంటీ ఉంటే సీరియల్ నంబర్ స్టిక్కర్, పళ్లు, స్క్రూలు కనిపించేలా ఫొటోలు, పడిపోయేటప్పటి వీడియో తీసి పెట్టుకోండి. యాంటీ స్టాటిక్ కవర్‌లో చుట్టి, ఒరిజినల్ డబ్బాలో పెట్టి పంపండి. కొరియర్లో హీట్‌సింక్ బరువుకు బోర్డు వంగకుండా చుట్టూ స్పాంజి కుక్కాలి. పేస్టు మార్చాలనుకుంటే అది తిరిగొచ్చాకే.