ఉన్ని మిల్లులో దాచిన బుగాటీలు

జర్మనీలోని స్టట్‌గార్ట్‌లో మెర్సిడెస్ మ్యూజియం, పోర్షే మ్యూజియం రెండూ చూసేశాక ఈ ట్రిప్పుకి కార్లు చాలు, ఇక ఏ కోటో చర్చో చూద్దాం అనుకున్నా. బావ ఊరుకోలేదు. "అవి కంపెనీలు వాటి గొప్ప చెప్పుకోడానికి కట్టుకున్నయిరా. కార్ల పిచ్చంటే ఏందో తెల్వాలంటే మ్యులూజ్ పోవాలె" అన్నాడు. మ్యులూజ్ అంటే సరిహద్దు అవతల ఫ్రాన్స్‌లో ఊరు, అక్కడో పాత కార్ల మ్యూజియం ఉంది. బావ స్టట్‌గార్ట్‌లోనే బ్రేకులు తయారుచేసే కంపెనీలో ఇంజినీరు, హాల్లో టీవీ పక్కన పాత కార్బ్యురేటర్‌ని షోపీసులా పెట్టుకున్న మనిషి. కాదంటే రాత్రి దాకా వినాల్సి వస్తుంది. అక్క "మళ్లీ కార్లేనా" అని గొణుక్కుంటూనే పులిహోర కట్టింది, బయల్దేరాం.

ఏ5 హైవే మీద దక్షిణానికి పోతుంటే ఎడమ పక్కన బ్లాక్ ఫారెస్ట్ కొండలు వస్తూనే ఉంటాయి, రైన్ నది దాటితే ఫ్రాన్స్. ఇది అల్సాస్ ప్రాంతం, 1871 నుంచి 1918 దాకా జర్మనీది. ఎత్తోరె బుగాటీ 1909లో తన పేరుతో కార్ల కంపెనీ పెట్టిన మోల్స్‌హైమ్ అనే ఊరు కూడా ఇక్కడిదే, అంటే ఫ్రాన్స్ ఇప్పుడు గొప్పగా చెప్పుకునే ఆ కార్లు ఒక ఇటలీవాడు జర్మనీ నేల మీద మొదలుపెట్టినవి. మ్యులూజ్ మాత్రం బట్టల ఊరు. ఒకప్పుడు ఫ్రాన్స్ మాంచెస్టర్ అనేవాళ్లట. మ్యూజియం ఉన్నది కూడా పాత ఉన్ని మిల్లులోనే. ముందువైపు కొత్తగా కట్టారు గానీ లోపలికి వెళ్లి తలెత్తితే రంపం పళ్లలాంటి మిల్లు కప్పు, వరసగా ఇనుప స్తంభాలు. మాది వరంగల్. ఆజంజాహీ మిల్లు మూతపడి ఆ స్థలం ప్లాట్లయిపోవడం చూసినవాణ్ణి. ఒక మిల్లు షెడ్డుకి ఇంత గౌరవం దక్కడం చూస్తే కొంచెం కుళ్లు కూడా పుట్టింది.

ఈ కార్లన్నీ పోగేసింది హాన్స్, ఫ్రిట్జ్ ష్లుంఫ్ అనే అన్నదమ్ములు. ఉన్ని వ్యాపారంలో బాగా సంపాదించారు, చుట్టుపక్కల మిల్లులు ఒక్కొక్కటిగా కొన్నారు, 1957లో ఈ మిల్లు కూడా కొన్నారు. అసలు పిచ్చి ఫ్రిట్జ్‌ది. 1960ల మొదట్లో బుగాటీ ఓనర్లు ఎవరెవరు ఎక్కడెక్కడ ఉన్నారో జాబితా పట్టుకుని ఉత్తరాలు రాయడం, కొనడం. ఒకటీ రెండూ కాదు, దొరికితే మూటగా. 1963లో బుగాటీ ఫ్యాక్టరీలో మిగిలిన కార్లనే కొనేశాడు. 1964లో అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రంలో పాత కార్లు పోగేసే షేక్‌స్పియర్ అనే ఆయన దగ్గర 30 బుగాటీలు ఒకేసారి, 85 వేల డాలర్లకు. అవి రైలు వ్యాగన్ల మీద వరసగా నిలబడి బయల్దేరుతున్న ఫొటో ఒకటుంది. దుమ్ము కొట్టుకుపోయిన కార్లు, పైన కప్పు కూడా లేదు. ఇప్పుడు వాటిలో ఒక్కోదాని ధర చెబితే కళ్లు తిరుగుతాయి.

కొన్న కార్లను ఎవరికీ చూపించలేదు. మిల్లులోనే వర్క్‌షాపు పెట్టి, మెకానిక్కుల్ని పెట్టుకుని, గుట్టుగా బాగుచేయించాడు. పారిస్‌లో మూడో అలెగ్జాండర్ వంతెన మీద ఉండే దీపస్తంభాలకు నకళ్లు వందలకొద్దీ పోత పోయించి హాలంతా నిలబెట్టాడు. కార్ల మధ్య నడుస్తుంటే వీధిలో తిరుగుతున్నట్టే ఉంటుంది, అక్కకి మొదట నచ్చింది ఆ దీపాలే. ఇంత చేసి మ్యూజియాన్ని వాళ్లమ్మకి అంకితమిచ్చాడు.

ఈలోగా ఉన్ని వ్యాపారం పడిపోయింది. 1970ల్లో మిల్లులు నష్టాల్లోకి పోయాయి, కార్మికుల్ని తీసేయడం మొదలైంది, సమ్మె జరిగింది, అన్నదమ్ములిద్దరూ సరిహద్దు దాటి స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌కి జారుకున్నారు. 1977 మార్చిలో యూనియన్ వాళ్లు తలుపులు తోసుకుని లోపలికి వెళితే ఎదురుగా ఈ దీపాలు, ఈ కార్లు. జీతాలకు డబ్బుల్లేవన్న ఓనర్ల గోడ వెనక! ఆ కోపంలో ఒక పాత ఆస్టిన్ 7ని తగలబెట్టారు. అక్కడితో ఆగి, మిగతావాటిని కాపలా కాసి, తామే దాన్ని కార్మికుల మ్యూజియంగా పేరు మార్చి దాదాపు రెండేళ్లు జనానికి చూపించారు. నాకు ఈ మొత్తం కథలో ఎక్కువ నచ్చిన మనుషులు వాళ్లే. అప్పులవాళ్లు ముక్కలుముక్కలుగా అమ్మించేసేవాళ్లే, కానీ 1978లో ప్రభుత్వం మొత్తం కలెక్షన్‌ని చారిత్రక సంపదగా ప్రకటించింది. 1981లో 44 మిలియన్ ఫ్రాంకులకు ఊరు, ప్రాంతం, కార్ల సంఘాలు కలిసి కొన్నాయి, మరుసటి ఏడాది మ్యూజియంగా తెరిచారు.

"ఫ్రిట్జ్ దొంగే, కానీ వాడు లేకుంటే సగం కార్లు తుక్కులోకి పోయేవి" అన్నాడు బావ. నిజమే. ఆ రెండూ నిజమే కావడమే ఇబ్బంది.

రేసు కార్ల హాల్లో బావ ఇక మా ఇద్దరినీ మర్చిపోయాడు. నీలం రంగు బుగాటీ టైప్ 35 ముందు కూర్చుండిపోయాడు, అక్షరాలా నేల మీద. నన్నూ కూర్చోబెట్టి ముందు యాక్సిల్ చూపించాడు, అంటే ముందు చక్రాలు రెండింటినీ కలిపే ఇరుసు. మన లారీలకు కమాన్ కట్టలు (ఒకదాని మీద ఒకటి పేర్చిన స్ప్రింగు పట్టీలు) యాక్సిల్ మీద పెట్టి యూ బోల్టులతో బిగిస్తారు కదా, ఇక్కడ యాక్సిల్‌కే నలుచదరం రంధ్రం చేసి కమాన్ కట్టని అందులోంచి దూర్చారు. అద్దంలా పాలిష్ చేసిన ఇనుము, లోపలంతా గుల్ల, బరువు తగ్గడానికి. చక్రాలు అల్యూమినియం పోత, ఎనిమిది చదును రెక్కలు, బ్రేక్ డ్రమ్ము కూడా చక్రంతో కలిసే ఉంటుంది, చక్రం ఊడదీస్తే బ్రేకు మొత్తం బయటపడుతుంది. 1924లో అంటే వందేళ్ల కిందటి ఆలోచన. 1924 లియోన్ రేసులో మొదటిసారి దిగినప్పుడు టైర్లు ఊడొచ్చి పరువు పోయింది గానీ, తర్వాత 1925 నుంచి 1929 దాకా ఇటలీలో జరిగే టార్గా ఫ్లోరియో రేసు వరసగా ఐదుసార్లు బుగాటీదే. 1929లో మొట్టమొదటి మొనాకో గ్రాండ్ ప్రీ గెలిచిన విలియం గ్రోవర్ విలియమ్స్ నడిపింది కూడా ఈ జాతి కారునే. అతను తర్వాత యుద్ధంలో బ్రిటిష్ గూఢచారిగా ఫ్రాన్స్‌లో పనిచేసి నాజీలకు దొరికి చనిపోయాడు.

పాత కార్ల మీద జనానికి ఈ మోజు ఎందుకు పోదో నాకు ఆ యాక్సిల్ దగ్గరే కొంత అర్థమైంది. చేసినవాడు ఏం ఆలోచించాడో కంటికి కనబడుతుంది. నా ఐ20 బానెట్ ఎత్తితే నల్ల ప్లాస్టిక్ మూత తప్ప ఏమీ కనబడదు, సర్వీస్ సెంటర్ వాడికి కూడా ల్యాప్‌టాప్ తగిలిస్తేనే తెలుస్తుంది. ధరల సంగతి వేరే. 2022లో మెర్సిడెస్ వాళ్లు 300 ఎస్ఎల్ఆర్ ఊలెన్‌హౌట్ కూపే అనే తమ పాత కారుని 135 మిలియన్ యూరోలకు అమ్మారు, అలాంటివి చేసిందే రెండు. అది ఇంజినీరింగ్ మీద ప్రేమ అంటే నేను నమ్మను.

బావకి ఒకటే కంప్లైంట్, ఇన్ని కార్లు నిలబడే ఉన్నాయని. రేసు కారంటే వేడెక్కాలి, నూనె కారాలి అంటాడు. మధ్యాహ్నం వెనక ఉన్న ట్రాక్ మీద రెండు పాత కార్లు తిప్పారు, కాలిన ఆయిల్ వాసన, చెవులు దద్దరిల్లే చప్పుడు, అప్పుడు గానీ శాంతించలేదు. పులిహోర అక్కడే తిన్నాం.

చివరికి రొయాల్‌ల దగ్గరికొచ్చాం. రాజుల కోసమని బుగాటీ తలపెట్టిన కారు. 12.7 లీటర్ల ఇంజిన్, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్యే 4.3 మీటర్లు, రేడియేటర్ మూత మీద ఎత్తోరె తమ్ముడు రెంబ్రాంట్ చెక్కిన తొండమెత్తిన ఏనుగు. 25 చేద్దామనుకుని ఆరు చేశారు, ఆర్థిక మాంద్యం దెబ్బకి అమ్ముడుపోయింది మూడే, రాజు ఒక్కడూ కొనలేదు. మిగిలిన ఇంజిన్లను రైలు బోగీలకు బిగించి నష్టం పూడ్చుకున్నారు, ఆ రైలు ఒకటి ఇదే ఊళ్లో రైళ్ల మ్యూజియంలో ఉంది. ఆరింటిలో రెండు ఇక్కడే. మొదటి రొయాల్ కొన్న బట్టల వ్యాపారి ఆర్మాన్ ఎస్దేర్ రాత్రిపూట నడపనని హెడ్‌లైట్లే పెట్టించుకోలేదట, దాని నకలు కూడా పక్కనే పెట్టారు. "మన చౌమహల్లాలో నిజాం రోల్స్ రాయిస్ కన్నా పెద్దదేనా ఇది?" అంది అక్క. పెద్దదే. కానీ నిజాం కారు పసుపు రంగు ముందు ఇది తేలిపోతుందని ఆవిడ తీర్పు.

అప్పుడే బావ ఇంకో రొయాల్ కథ చెప్పాడు. యుద్ధం తర్వాత బుగాటీ కుటుంబానికి డబ్బు ఇబ్బంది, 1950లో పాత కార్లు పోగేసే ఒక అమెరికన్ రెండు రొయాల్‌లు తీసుకుని బదులుగా కాస్త సొమ్ము, రెండు కొత్త ఫ్రిజ్‌లు ఇచ్చాడని చెప్పుకుంటారు. అందులో ఒకటి 1987లో లండన్ వేలంలో 55 లక్షల పౌండ్లకు పోయింది.

అక్క కాసేపు ఆలోచించి, "ఆ ఫ్రిజ్‌లు డబుల్ డోరా?" అంది.