మూతి తుడిచే చెయ్యి

సంక్రాంతికి ఊరెళ్ళలేకపోయాం కదా అని, తాతయ్యకి పంపడానికి పాప అన్నం తింటుంటే మా ఆయన వీడియో తీశాడు. నాలుగు నిమిషాలుంటుందేమో. ఫ్యామిలీ గ్రూపులో అందరూ హార్ట్ సింబల్స్ పెట్టారు, నేను మాత్రం రాత్రి అందరూ పడుకున్నాక సౌండ్ తీసేసి మూడుసార్లు చూశా, చూసింది పాపని కాదు, నా చేతిని. పదకొండు సార్లు మూతి తుడిచా! అది పెరుగు గిన్నె వైపు వేలు చూపిస్తోంది, నేనేమో పప్పన్నమే కుక్కుతున్నా. తనే ముద్ద తీసుకోబోతే మణికట్టు పట్టుకుని మెల్లగా పక్కకి పెట్టేశా, అదీ నవ్వుతూ. గ్రూపులో ఒక్కరికీ కనపడలేదు.

నాకు బులీమియా ఉండేది, అంటే అతిగా తినేసి, ఆ తర్వాత కక్కేసే జబ్బు. పంతొమ్మిదేళ్ళప్పుడు హాస్టల్లో మొదలైంది. పొద్దున చట్నీ లేకుండా రెండిడ్లీ, మధ్యాహ్నం గ్లాసుడు మజ్జిగ, రాత్రి రూమ్మేట్ పడుకున్నాక బిస్కెట్లు ప్యాకెట్లకి ప్యాకెట్లు, ఆ తర్వాత బాత్రూమ్‌లో ట్యాప్ ఫుల్లుగా తిప్పి కక్కేయడం. అమ్మ గ్యాస్ ట్రబుల్ అనుకుంది, నాయనమ్మ దిష్టి అని ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. వాళ్ళననడానికేం లేదు, 1979లో లండన్‌లో గెరాల్డ్ రసెల్ అనే డాక్టరు రాసేదాకా ఆ జబ్బుకి ఇంగ్లీషులో కూడా బులీమియా నెర్వోసా అనే పేరు లేదు. సైకియాట్రిస్టు దగ్గరికి రెండేళ్ళు తిరిగాక తగ్గింది. తగ్గి తొమ్మిదేళ్ళయింది, ఇంక ఆ గొడవ వదిలిపోయిందనే అనుకున్నా.

వీడియో చూసిన రాత్రి నిద్రపట్టక వెతుకుతుంటే ఆక్స్‌ఫర్డ్‌లో అలన్ స్టీన్ అనే సైకియాట్రిస్టు చేసిన పరిశోధన దొరికింది. 1994లో వచ్చిన స్టడీ, బులీమియా లాంటి తిండి జబ్బున్న 34 మంది తల్లుల్ని, లేని 24 మందిని, వాళ్ళ ఏడాది పిల్లలతో ఇంట్లో భోజనం దగ్గర గమనించారు. జబ్బున్న తల్లులు పిల్లల పనిలో ఎక్కువ చెయ్యి పెడుతున్నారు, విసుగు భోజనం దగ్గర ఎక్కువ, ఆటల దగ్గర మాత్రం ఆ తేడా లేదు, పిల్లల బరువు కూడా కొంచెం తక్కువుంది. తర్వాత ఇంకా చూస్తే గొడవ మొదలయ్యేది ఎక్కడంటే, పిల్ల ఏదో చెబుతుంటే తల్లి గమనించకపోవడం, ఒలికిపోతుందనీ పూసుకుంటుందనీ తట్టుకోలేకపోవడం. అచ్చం నా నాలుగు నిమిషాలు!

వాళ్ళకి అప్పటికింకా జబ్బుంది, నాకు తగ్గిపోయింది, రెండూ ఒకటి కాదు, ఆ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నా. ఇలాంటి తల్లుల పిల్లలు చాలామంది హాయిగానే తింటారు కూడా. కాకపోతే నా చెయ్యి నాకు తెలుసు కదా.

నాకు బాగా నచ్చింది అదే టీమ్ 2006లో రాసింది. 80 మంది తల్లులు, సగం మందికి వాళ్ళు పిల్లలకి తినిపిస్తున్న వీడియోలే ఇంట్లో కూర్చోబెట్టి చూపిస్తూ, ఇదిగో ఇక్కడ పాప ఏమంటోందో చూడండి అని మాట్లాడారు. మిగతా సగానికి మామూలు కౌన్సెలింగ్. పిల్లలకి ఏడాది దాటాక చూస్తే మామూలు కౌన్సెలింగ్ వాళ్ళలో సగానికి పైగా ఇళ్ళల్లో భోజనం దగ్గర పెద్ద గొడవే, వీడియో చూసినవాళ్ళలో సుమారు నాలుగో వంతే. అంటే మా ఆయన తెలియకుండానే నాకు ట్రీట్‌మెంట్ ఇచ్చాడన్నమాట, ఫీజు లేకుండా.

ఇప్పుడు తువ్వాలు వంటింట్లోనే వదిలేసి వచ్చి కూర్చుంటున్నా. నా కంచం కూడా తెచ్చుకుంటున్నా, ఇది మాత్రం చాలా కష్టంగా ఉంది, ఎందుకంటే ఇన్నాళ్ళూ పాపకి పెట్టేసి నేను గట్టు దగ్గర నిలబడి తినేదాన్ని, మా అమ్మా అలాగే తినేది కాబట్టి ఎవరికీ వింతగా అనిపించలేదు. మొదటిరోజు పాప నా కంచంలోంచి బెండకాయ ముక్క తీసుకుని నమిలి తిరిగి నా కంచంలోనే ఉమ్మేసింది. అత్తయ్య పక్కనుంచి "ఇంకొక్క ముద్ద, కాకి ముద్ద" అంటున్నారు, చాలన్నప్పుడు వదిలేద్దాం అత్తయ్యా అన్నాను, "నువ్వూ సరిగ్గా తినవు, ఆ అలవాటే కదమ్మా దానికీ వచ్చింది" అన్నారావిడ. ఆవిడకి నా సంగతి తెలీదు. మామూలుగా అన్న మాటే, అయినా ఆ మధ్యాహ్నమంతా నాకు పని మీద మనసు నిలవలేదు.

ఇంకొకటుంది, సున్నుండల డబ్బా. ఫ్రిజ్ మీద పెట్టి రోజుకొకటని రూలు పెట్టాను, పాప రోజంతా ఫ్రిజ్ చుట్టూనే తిరుగుతోంది. అమెరికాలో జెన్నిఫర్ ఫిషర్, లియాన్ బర్చ్ అని ఇద్దరు పరిశోధకులు 1999లో చిన్నపిల్లల ముందు ఓ స్నాక్‌ని గాజు జాడీలో కనపడేలా పెట్టి కాసేపు మాత్రమే తీసుకోనిస్తే, పిల్లల ధ్యాసంతా దాని మీదే ఉందట. మా ఫ్రిజ్ ముందు జరుగుతున్నదీ అదే కదా! భోజనంతో పాటే కంచంలో ఒకటి పెట్టేస్తే సరిపోతుందని తెలుసు. నిన్న డబ్బా దింపి రెండో అరలో పెట్టాను. కింద అరలో పెట్టడానికి ఇంకా ధైర్యం చాల్లేదు, నిజం చెప్పాలంటే పాప కోసం కాదు, రాత్రి పదకొండుకి వంటింట్లోకి వెళ్ళేది నేను కాబట్టి.