నీళ్ల గిన్నె లెక్క

మా లాబ్రడార్ జూలీకి ఏడేళ్లు, బరువు 28 కిలోలు. శివరాత్రికి ఎదకొచ్చింది. శ్రీరామనవమి దాటాక నీళ్లు తాగడం ఎక్కువైంది. ఎండలు ముదురుతున్నాయి కదా అనుకున్నారు ఇంట్లోవాళ్లు. పశువైద్యుణ్ణయి ఉండి నేనూ రెండ్రోజులు అలాగే అనుకున్నాను. మూడోరోజు రాత్రి పడుకున్నచోటే మూత్రం పోసుకుంది. అప్పుడు కొలిచాను.

కొలవడం తేలికే. పొద్దున లీటరు సీసాతో గిన్నె నింపాలి, నింపిన ప్రతిసారీ క్యాలెండర్ మీద గీత పెట్టాలి, మర్నాడు అదే వేళకి మిగిలిన నీళ్లు తీసేసి లెక్క కట్టాలి. బాత్రూం బకెట్, మొక్కల కింది పళ్లేలు అందకుండా చూడకపోతే లెక్క తప్పుతుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్క కిలోకి రోజుకి 50-60 మి.లీ. తాగుతుంది. ఎండాకాలంలో, పొడి మేత తినేదైతే, ఇంకొంచెం. కిలోకి 100 మి.లీ. దాటిందంటే ఎండ మీద నెపం పెట్టకూడదు. జూలీకి ఆ హద్దు 2.8 లీటర్లు. అది ఆ రోజు 4 లీటర్లు తాగింది.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్క, ఎదకొచ్చి రెండు నుంచి ఎనిమిది వారాలు, తిండి మీద అయిష్టం, విపరీతమైన దాహం. ఇవన్నీ ఒకచోట కనిపిస్తే ముందు గర్భసంచిలో చీము పట్టడమే గుర్తుకు రావాలి. మేం పయోమెట్రా అంటాం. ఎద తర్వాత కుక్క చూలు కట్టినా కట్టకపోయినా రెండు నెలలపాటు ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ ఎక్కువగానే ఉంటుంది. దాని వల్ల గర్భసంచి లోపలి పొర మందమవుతుంది, సంచి ముడుచుకోవడం ఆగుతుంది, నోరు మూసుకుంటుంది, తెల్లకణాలు మందగిస్తాయి. నోరు తెరిచి ఉన్న రోజుల్లో లోపలికి ఎక్కిన ఇ.కోలి సూక్ష్మజీవులకి ఇంతకన్నా మంచి చోటు దొరకదు. ఎద ఎదకీ ఆ పొర పాడవుతూ వస్తుంది గనక వయసు మళ్లిన కుక్కల్లో ఈ జబ్బు ఎక్కువ.

దాహానికి కారణం కూడా ఇదే. ఇ.కోలి విషం చేరాక మూత్రపిండాలు నీటిని వెనక్కి పట్టుకోలేవు. మూత్రం నీళ్లలా పోతుంది, పోయిన నీటి కోసం కుక్క తాగుతుంది. ఇల్లంతా తడుపుతోందని గిన్నె తీసేసేవాళ్లున్నారు. ఒక్క పూట నీళ్లు లేకపోతే అలాంటి కుక్క కూలబడిపోతుంది.

గర్భసంచి నోరు తెరుచుకుని ఉంటే ఎర్రగానో గోధుమరంగులోనో దుర్వాసనతో చీము కారుతుంది. దాన్ని చాలామంది ‘మళ్లీ పీరియడ్స్ వచ్చాయి’ అంటారు. ఆడకుక్క ఆరేడు నెలలకోసారి ఎదకొస్తుంది, నెలన్నరకే మళ్లీ రాదు. జూలీకి చుక్క కూడా కారలేదు. అంటే నోరు మూసుకున్న రకం. ఇది ఎక్కువ ప్రమాదం, సంచి లోపలే పగలొచ్చు.

జ్వరం 103.4 డిగ్రీల ఫారన్‌హీట్. కుక్కకి మామూలుగా 100.5 నుంచి 102.5 వరకు ఉంటుంది. జ్వరం లేకపోతే జబ్బు లేదనుకోకండి, విషం బాగా ఎక్కినవాటికి ఒళ్లు చల్లబడుతుంది. రక్తపరీక్షలో తెల్లకణాలు 41,000. ఆరోగ్యంగా ఉంటే 17,000 దాటవు. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.9, కొంచెం ఎక్కువ. స్కానింగ్‌లో మూత్రసంచి పక్కన నల్లటి ద్రవంతో ఉబ్బిన గొట్టాలు, వాటిలో పిల్లల గుండెచప్పుళ్లు లేవు.

ఇంజెక్షన్లతో తగ్గదా అని అందరూ అడుగుతారు. నోరు తెరుచుకుని ఉండి, వయసు తక్కువై, పిల్లలు తీయించాలనుకునేవాళ్ల కుక్కలకి సంచిని ముడుచుకునేలా చేసే ప్రోస్టాగ్లాండిన్ లాంటి మందులతో ప్రయత్నిస్తారు. అయినా తర్వాతి ఎదల్లో తిరగబెట్టే అవకాశం ఎక్కువ. నోరు మూసుకున్న సంచి మీద ప్రోస్టాగ్లాండిన్ ఇస్తే బయటికి దారిలేక సంచి పగిలి చీము కడుపులో పడొచ్చు. ఏడేళ్లదానికి ఆ ఆలోచనే అనవసరం.

గర్భసంచి, అండాశయాలు తీసేసే ఆపరేషన్ ఆలస్యం చేయకూడదు, అలాగని ఒంట్లో నీరు ఎండిపోయిన కుక్కని బల్ల ఎక్కించకూడదు. ముందు నాలుగు గంటలు రింగర్ లాక్టేట్ సెలైన్ ఎక్కించి, నరానికి యాంటీబయాటిక్ ఇచ్చాం. కోత నా క్లాస్‌మేట్ పెట్టాడు, మత్తు నేను చూసుకున్నాను. మామూలు కుటుంబనియంత్రణ ఆపరేషన్లకి మన దగ్గర జైలజిన్, కెటమిన్ కలిపి వాడేస్తుంటారు. విషం ఎక్కిన కుక్కకి జైలజిన్ ఇస్తే గుండెవేగం పడిపోతుంది, అందుకే దాని జోలికి పోలేదు. ప్రోపోఫాల్ కొద్దికొద్దిగా ఎక్కించి, దవడ వదులవగానే గొంతులో 9 నంబరు గొట్టం దించి ఐసోఫ్లూరేన్ అనే మత్తు గ్యాస్ మీద పెట్టాను. మీ కుక్కని ఎవరికైనా అప్పగించేటప్పుడు ‘గొంతులో గొట్టం వేస్తారా, గ్యాస్ మత్తు ఉందా, సెలైన్ నడుస్తూ ఉంటుందా’ అని అడగండి. ధర కన్నా ముందు అడగాల్సిన ప్రశ్నలివి.

బొడ్డు దగ్గర్నుంచి కిందికి దాదాపు 15 సెంటీమీటర్ల కోత. మామూలు కుక్కకి ఇందులో మూడోవంతు సరిపోతుంది, కొక్కెంతో లాగి సంచిని బయటికి తెస్తారు. ఇక్కడ కొక్కెం వాడకూడదు, లాగకూడదు. పెన్సిలంత సన్నగా ఉండాల్సిన సంచి కొమ్ములు అరటికాయంత లావయ్యాయి, గోడ తడిసిన కాగితంలా ఉంది. రెండు చేతులతో ఎత్తి బయట పెట్టి, చుట్టూ తడి గుడ్డలు పరవాలి, ఒక్క చుక్క జారినా కడుపులో పడకుండా. తర్వాత అండాశయాలు. కుడివైపుది మూత్రపిండం దగ్గర లోతుగా ఉంటుంది, అందడం కష్టం. ప్రతి అండాశయం కాడకీ రెండేసి ముళ్లు వేసి కోయాలి. ఈ ఆపరేషన్‌లో భయపడాల్సింది ఈ ముడి జారడానికే, రక్తమంతా లోపలే కారుతుంది, పైకి కనబడదు. అండాశయం ముక్క మిగిలినా కష్టమే, కుక్క మళ్లీ ఎదకొస్తుంది, మిగిలిన గర్భసంచి మొదలులో మళ్లీ చీము పడుతుంది. చివరికి గర్భసంచి మెడ దగ్గర కట్టి కోసి, గుడ్డలు లెక్కపెట్టుకుని మూసేశాం. పొట్ట మధ్య కండరాలు కలిసేచోట ఉండే తెల్లగీత కుట్టులోనే బలమంతా ఉంటుంది, చర్మం మీది కుట్లు కనపడ్డంత ముఖ్యం కావు. తీసిన సంచి తూకం 1.8 కిలోలు.

మొదటి రాత్రి పని చిగుళ్లు చూడడమే. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో గులాబీరంగు తిరిగి రావాలి. చిగుళ్లు పాలిపోయి, పొట్ట ఉబ్బి, ఊపిరి వేగం పెరిగితే లోపల ముడి జారినట్టు అనుమానించి తెల్లారేదాకా ఆగకుండా తీసుకెళ్లాలి. మత్తులో ఒళ్లు చల్లబడుతుంది గనక వేడినీళ్ల సీసాలకి గుడ్డ చుట్టి పక్కన పెట్టాం. గుడ్డ లేకుండా పెడితే కదల్లేని కుక్క చర్మం కాలుతుంది.

క్రియాటినిన్ మామూలుకి వచ్చేదాకా, మూత్రపిండాల మీద భారం వేసే నొప్పిమందు మెలాక్సికామ్ ఆపి, నొప్పికి ట్రమడాల్ ఇచ్చాం. ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ బిళ్లలు ఏ కుక్కకీ వేయకండి, కడుపులో పుండ్లు పడి రక్తం కారుతుంది. పిల్లికి పారాసెటమాల్ ఒక్క బిళ్లే ప్రాణం తీస్తుంది. మర్నాడు పొద్దున జూలీ రెండు చెంచాల పెరుగన్నం నాకింది. తర్వాత మూడు రోజులు ఉడికించిన చికెన్, మెత్తటి అన్నం, రోజుకి నాలుగుసార్లు కొంచెం కొంచెంగా. ఉల్లి, వెల్లుల్లి లేకుండా.

కుట్లు నాకకుండా మెడకి కోన్ కట్టేటప్పుడు దాని అంచు ముక్కు కన్నా రెండు మూడంగుళాలు ముందుకుండాలి, మెడ దగ్గర రెండు వేళ్లు దూరాలి. ‘పాపం, ఉక్కపోస్తోంది’ అని రాత్రి తీసేసే ఇళ్లలోనే కుట్లు ఊడతాయి. పది నిమిషాలు నాకితే చాలు. మా ఇంట్లో పాత టీషర్ట్ కూడా తొడిగాం. తల మెడలోంచి, ముందుకాళ్లు చేతుల్లోంచి పోనిచ్చి, మిగిలిన అంచుని వీపు మీద ముడేయాలి. మూత్రానికి తీసుకెళ్లినప్పుడు ముడి విప్పి పైకి మడవాలి.

నాలుగోరోజు కుట్ల కింద నిమ్మకాయంత వాపు వచ్చింది. మెత్తగా, చల్లగా, నొప్పిలేకుండా ఉంటే అది నీరు చేరిన వాపు, కుక్క ఎగిరి దూకినందుకు వస్తుంది. గుచ్చి తీయకుండా కదలిక తగ్గిస్తే ఆరిపోతుంది. వేడిగా, ఎర్రగా, వాసనతో ఉంటే చీము. నొక్కితే లోపలికి పోయి మళ్లీ బయటికొస్తుంటే లోపలి కుట్టు తెగిందని అర్థం, అది అదే రోజు చూపించాల్సిన సంగతి. జూలీది మొదటి రకం. మేడ మెట్లు, మంచం ఆపేశాం, తాడు కట్టి ఐదు నిమిషాలే తిప్పాం. వారంలో వాపు పోయింది. పన్నెండోరోజు కుట్లు తీశాం, అప్పటిదాకా స్నానం లేదు.

మా సందులో చెవి కొసన కోత ఉన్న కుక్కలు నాలుగున్నాయి. మున్సిపాలిటీవాళ్లు పట్టుకెళ్లి ఆపరేషన్ చేసి వదిలిన వాటికి గుర్తు అది. వాటిలో ఆడవాటికి ఈ జబ్బు దాదాపు రాదు. ‘ఒక్కసారైనా తల్లి కావాలి’ అని మేం జాలిపడి ఆపినది జూలీకి మాత్రమే. ఒక ఈత ఈనితే ఈ జబ్బు రాదన్నది నిజం కాదు.

ఆపరేషన్ తర్వాత రెండో వారంలో మళ్లీ కొలిచాను. 1.5 లీటర్లు. తిండి మాత్రం నాలుగోవంతు తగ్గించాను, అండాశయాలు తీసిన కుక్క అదే కొలత తింటే ఒళ్లు వస్తుంది. గిన్నె చూసి నా వంక చూస్తుంది, ఇంకొంచెం వేయమన్నట్టు.